ముందు మనోవర్తి, ఆ తర్వాతే మాటలు

విడాకులు కోర్టులో కొట్లాడి తెచ్చుకోవాలా, మధ్యవర్తి ఎదుట కూర్చుని తేల్చుకోవాలా? దీనిమీద ఇద్దరు వకీళ్ళ మధ్య సాగిన వాదం ఇది. పిన్ని చాలాకాలం వకీలుగా పనిచేసి, మధ్యవర్తిత్వంలో శిక్షణ పొంది, ఇప్పుడు కోర్టు ఆవరణలోని కేంద్రంలో మధ్యవర్తిగా కూర్చుంటోంది. ఆమె అక్క కూతురు ఫ్యామిలీ కోర్టులో ఆడవాళ్ళ తరఫున వాదిస్తోంది. కోర్టు గడప తొక్కిన ఆడపిల్లకు మేలు జరగాలన్నదే ఇద్దరి కోరికా. దారి దగ్గరే తేడా.

అమ్మాయి: పిన్నీ, నా దగ్గరికొచ్చే ఆడపిల్లల్లో చాలామంది అప్పటికే రెండు మూడు పంచాయితీలు దాటుకొని వస్తారు. మొదట ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చుంటారు. తర్వాత ఊళ్ళో పెద్దమనుషుల్లో పెడతారు. ఆపైన మహిళా పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్. అన్నిచోట్లా ఒకటే మాట: సర్దుకుపో. చివరికి ధైర్యం చేసి కోర్టుకొస్తే, అక్కడ కూడా మధ్యవర్తి దగ్గరికి వెళ్ళి మాట్లాడుకోండి అంటే ఆ పిల్ల ఇంకెక్కడికి పోవాలి?

పిన్ని: నువ్వు చెప్పిన చోట్ల కూర్చునేవాళ్ళంతా తీర్పు చెప్పేవాళ్ళమ్మా. తప్పెవరిదో వాళ్ళే తేలుస్తారు, ఎవరు తగ్గాలో వాళ్ళే చెబుతారు. మధ్యవర్తికి ఆ అధికారం లేదు. కాపురం నిలబెట్టడం ఒక పని. విడిపోదామనుకున్నవాళ్ళు పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, డబ్బు ఎంత, ఎప్పుడు, సామాను ఎవరిది అని తేల్చుకోవడం వేరే పని. నేను చేసేది ఎక్కువగా ఆ రెండోదే. కలిసి ఉండమని నేను ఎవరినీ ఒత్తిడి చెయ్యను.

అమ్మాయి: నువ్వు చెయ్యవు. అందరూ నీలాగే ఉంటారా? హిందూ వివాహ చట్టంలో 23వ సెక్షన్, 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలో 9వ సెక్షన్ రాజీకి ప్రయత్నించమనే జడ్జిలకు చెబుతున్నాయి. ఆ ప్రయత్నం కాస్తా చాలాచోట్ల కాపురానికి పంపే ప్రయత్నంగా మారిపోతుంది. పైగా జనానికి రాజీ అనగానే గుర్తొచ్చేది రచ్చబండే. స్టాంపు కాగితం మీద, ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు అని రాసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, ఇద్దరు సాక్షుల్ని నిలబెట్టి, విడాకులైపోయాయి అంటారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడు. ఈమె రేషన్ కార్డుకో పాస్‌పోర్టుకో వెళ్ళినప్పుడు తెలుస్తుంది, ఆ కాగితం దేనికీ పనికిరాదని.

పిన్ని: ఆ కాగితం విషయంలో నీకూ నాకూ పేచీ లేదు. కులాచారం ప్రకారం విడిపోయే పద్ధతి ఉంటే దాన్ని హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాపాడింది, నిజమే. కానీ ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చెయ్యాలి. అది లేకపోతే స్టాంపు కాగితానికి ఏ విలువా లేదు. మా దగ్గర రాసిన ఒప్పందం కూడా దానంతటది విడాకులు కాదు. అది కోర్టుకు వెళ్ళాలి. పరస్పర సమ్మతి విడాకుల కోసం హిందూ వివాహ చట్టంలోనే 1976లో 13బి సెక్షన్ చేర్చారు. ఏడాదిపాటు విడిగా ఉన్నవాళ్ళు ఇద్దరూ కలిసి పిటిషన్ వేస్తారు. ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల్లోగా మళ్ళీ వచ్చి అదే మాట చెబితే జడ్జి విచారించి డిక్రీ ఇస్తారు. ఒప్పందంలో ఏముందో జడ్జి చదువుతారు, ఇష్టపడే సంతకం పెట్టావా అని ఆమెను అడుగుతారు. రచ్చబండ దగ్గర ఆ మాట అడిగిన నాథుడెవరు?

అమ్మాయి: ఆ మాట అడిగేది సంతకం అయిపోయాక. అసలు బేరం జరిగే గదిలో ఆమె పక్కన ఎవరున్నారు? ఒక మామూలు కేసు చెప్తాను. ఆయనకు కంపెనీలో ఉద్యోగం, బోనసులు, షేర్లు, ఊళ్ళో తండ్రి రాసిచ్చిన పొలం. ఈమెకు ఆయన జీతం ఎంతో కూడా తెలియదు. పెళ్ళయ్యాక ఉద్యోగం మానిపించారు. మధ్యవర్తి ఎదుట ఆయన, అప్పుల్లో ఉన్నానండీ, ఐదు లక్షలకు మించి ఇవ్వలేను అంటాడు. నువ్వు బ్యాంకుకు సమన్లు పంపగలవా? కంపెనీ నుంచి జీతం వివరాలు తెప్పించగలవా? నేను కోర్టులో అవన్నీ తెప్పించగలను. 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది: మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అన్నీ అఫిడవిట్‌లో రాసివ్వాల్సిందే అని. అబద్ధం రాస్తే దానికి పర్యవసానం ఉంది. నీ గదిలో చెప్పిన అబద్ధానికి ఏముంది?

పిన్ని: ఏమీ లేదు. అందుకే ఆ అఫిడవిట్లు రెండూ చేతికొచ్చాకే నా గదికి రమ్మంటాను. అవి లేకుండా డబ్బు మాట మొదలుపెట్టడం కళ్ళకు గంతలు కట్టి బేరమాడించడమే. ముందు వాటిని దాఖలు చేయించి, ఆ కాగితాలు బల్లమీద పెట్టుకొని మాట్లాడమను. వకీలు పక్కన కూర్చోవచ్చు, నువ్వే కూర్చో. నేను కాదననే.

అమ్మాయి: సరే, ఇప్పుడు అసలు సంగతి. మనోవర్తి పిటిషన్ వేస్తాను. నోటీసు అందిన అరవై రోజుల్లో వీలైనంతవరకు తేల్చమని హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. ఈలోగా కేసు మధ్యవర్తిత్వానికి వెళుతుంది. అంతే, పిటిషన్ పక్కకు పోతుంది. మాటలు నడుస్తున్నాయి కదా అని వాయిదా. ఆయన ఒకసారి రాడు, ఇంకోసారి ఊళ్ళో లేనంటాడు, వచ్చినప్పుడు ఆలోచించుకుంటానంటాడు. ఇక్కడ ఈమె పిల్లవాడి స్కూలు ఫీజు కట్టలేక తమ్ముడి దగ్గర చెయ్యి చాపుతుంది. మరదలి మాటలు పడుతుంది. ఆగగలిగినవాడు గెలుస్తాడు పిన్నీ. ఆగలేనిది ఎంతిస్తే అంత అని సంతకం పెడుతుంది. దాన్ని రికార్డులో ఇష్టపూర్వకంగా కుదిరిన రాజీ అని రాస్తారు.

పిన్ని: ఈ మాటకు నా దగ్గర ఎదురు సమాధానం లేదమ్మా. ఇది మధ్యవర్తిత్వంలో అన్నిటికన్నా పెద్ద లోపం. మాటలకు పంపే ముందే జడ్జి మధ్యంతర మనోవర్తి ఖరారు చెయ్యాలి. అది నెలనెలా అందుతుంటే ఆమె గదిలోకి నిలబడి వస్తుంది, లేకపోతే మోకరిల్లి వస్తుంది. గడువు కూడా ఉండాలి. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టం 120 రోజులు పెట్టింది, ఇద్దరూ ఒప్పుకుంటే మరో 60 రోజులు. ఆ లెక్క దాటితే ఫైలు కోర్టుకు తిరిగిపోవాల్సిందే. మనోవర్తి ఆపి మాటలకు పంపితే నువ్వు అభ్యంతరం చెప్పు. నేనే నీ పక్కన నిలబడతాను. కానీ ఈ లోపం చూపించి గది తలుపే మూసెయ్యమంటే మాత్రం ఒప్పుకోను. ఆ తలుపుకి అవతల ఏముందో నువ్వూ చెప్పాలి కదా.

అమ్మాయి: చెప్పు, ఏముంది?

పిన్ని: మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక కేసుంది. 1999 ఏప్రిల్‌లో పెళ్ళి. మర్నాడే రెండువైపుల పెద్దలకూ గొడవ, చెప్పులు విసురుకునేదాకా పోయింది. మూడో రోజుకి పెళ్ళికొడుకు ఒక దారి, పెళ్ళికూతురు ఒక దారి. కాపురమే మొదలు కాలేదు. ఆమె కేసులు, ఆయన కేసులు. కింది కోర్టు విడాకులిచ్చింది, హైకోర్టు కొట్టేసింది, చివరికి సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరిలో వివాహాన్ని రద్దు చేసి, ఆమెకు పదిహేను లక్షల భరణం ఇమ్మంది. మూడు రోజుల పెళ్ళికి దాదాపు పద్నాలుగేళ్ళ వ్యాజ్యం. ఆ తీర్పులోనే, ఫ్యామిలీ కోర్టులు ఇలాంటి తగాదాలను మధ్యవర్తిత్వానికి పంపాలని, కేసు పడకముందే మాట్లాడుకోవడానికి కేంద్రాల్లో ఏర్పాటు ఉండాలని చెప్పింది. ఆ ఇద్దరి యవ్వనం కోర్టు వరండాల్లో గడిచిపోయింది. అలా పోగొట్టుకున్న ఏళ్ళకు ఏ కోర్టు భరణం ఇస్తుంది?

అమ్మాయి: అది కోర్టుల ఆలస్యం. ఆలస్యాన్ని బాగుచెయ్యాలి గానీ, ఆలస్యానికి భయపడి హక్కు వదులుకోమనడం న్యాయమా?

పిన్ని: ఒక్క ఆలస్యమే అయితే నీ మాట ఒప్పుకుందును. మన చట్టంలో, ఇద్దరిలో ఒకరు ఒప్పుకోకపోతే రెండోవాళ్ళ తప్పు రుజువు చెయ్యాలి. మనసులు పూర్తిగా విరిగిపోయాయన్నది హిందూ వివాహ చట్టంలో ఈనాటికీ విడాకులకు ఆధారం కాదు. 2023 మే నెలలో రాజ్యాంగ ధర్మాసనం ఆ కారణం మీద వివాహం రద్దు చెయ్యొచ్చంది, కానీ అది 142వ అధికరణ కింద సుప్రీంకోర్టుకున్న అధికారం. మన విజయవాడ కోర్టుకో వరంగల్ కోర్టుకో లేదు. అంటే క్రూరత్వం రుజువు చెయ్యాలి. అత్తగారిని బోనెక్కించాలి. ఫోన్లో మెసేజీలు ప్రింటు తీసి దాఖలు చెయ్యాలి. ఇవతలి వకీలు ఆమె శీలం మీద ప్రశ్నలు వేస్తాడు, అవతలి వకీలు అతని మగతనం మీద వేస్తాడు. ఇవన్నీ రికార్డులో ఉండిపోతాయి. రేపు ఆ పిల్లవాడు పెద్దయ్యాక చదివితే? కేసు అయ్యాక కూడా వాళ్ళిద్దరూ వాడికి తల్లీ తండ్రే కదా.

అమ్మాయి: ఆ బాధ నేను రోజూ చూస్తున్నదే. అయినా కోర్టులో గెలిస్తే ఆమె చేతిలో డిక్రీ ఉంటుంది. నీ దగ్గర దొరికేదేమిటి?

పిన్ని: డిక్రీలో పట్టనివి దొరుకుతాయి. ఒక గదిలో జరిగేది చూపిస్తాను, ఎవరిదో చెప్పను. ఇద్దరూ బల్లకు చెరోవైపు. ఆమె చేతిలో నోటుబుక్కులోంచి చింపిన కాగితం. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం, బీరువా, మంచం, ఇత్తడి బిందెలు, గ్రైండరు. అన్నీ చదివి ఆగింది. చివర ఇంకో వరుస ఉంది, అది చదవడానికి గొంతు రాలేదు. విడిగా కూర్చోబెట్టి అడిగితే చెప్పింది: పదో తరగతి నుంచి డిగ్రీ దాకా సర్టిఫికెట్లన్నీ అత్తగారింటి బీరువాలో ఉన్నాయి. అవి లేక ఏ ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టలేకపోతోంది. అడిగితే పంతం కొద్దీ చింపేస్తారేమోనని భయం. ఆయన్ని విడిగా కూర్చోబెట్టి మాట్లాడితే, తర్వాతి వాయిదాకి కవరులో పెట్టి తెచ్చాడు. ఆయనకూ ఒక కోరిక ఉంది: కూతురితో రోజూ రాత్రి ఫోన్లో మాట్లాడాలి. రెండు కోర్కెలూ ఒప్పందంలోకెక్కాయి. దసరా సెలవులు నాన్నదగ్గర, సంక్రాంతి అమ్మదగ్గర, ఆపై ఏడాది అటుదిటు. స్కూలు ఫీజు ఆయన నేరుగా స్కూలుకే కట్టాలి. పాస్‌పోర్టు ఫారం మీద ఇద్దరూ సంతకం చెయ్యాలి. ఇంత సన్నని వివరాలు కూర్చుని తేల్చే తీరిక ఏ జడ్జికుంది?

అమ్మాయి: సర్టిఫికెట్ల మాట నిజమే. నా కేసుల్లోనూ ఎన్నోసార్లు ఎదురైంది. కానీ స్త్రీధనం ఆమె సొత్తు అని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఆమెది ఆమెకివ్వడం ఆయన చేసే మేలు కాదు, బేరంలో ఒక మెట్టూ కాదు.

పిన్ని: కాదు. అందుకే అది బేరంలో లెక్కపెట్టకుండా మొదటే ఇప్పించాలంటాను. అయితే చట్టం ఇవ్వనిది కూడా ఒకటుంది, అది విను. హిందూ వివాహ చట్టం కింద విడాకులైతే భర్త సంపాదించిన ఆస్తిలో భార్యకు వాటా అంటూ లేదు. ఇద్దరూ కలిసి కిస్తీలు కట్టిన ఫ్లాటైనా, కాగితం ఆయన పేరున ఉంటే తన డబ్బు పెట్టానని ఆమె రుజువు చేసుకోవాలి. ఆమె ఇల్లు నడిపిన ఏళ్ళకైతే లెక్కే లేదు. 27వ సెక్షన్ పెళ్ళి సమయంలో ఇద్దరికీ కలిపి వచ్చిన వస్తువుల దగ్గరే ఆగిపోతుంది. కోర్టు భరణం ఇవ్వగలదు గానీ, ఆ ఫ్లాటులో సగం నీదమ్మా అనలేదు. మా గదిలో అది అనొచ్చు. ఫ్లాటు కూతురి పేర రాసిన తండ్రులున్నారు. ఆమె ఇంకో కిస్తీ కట్టకుండా అప్పు మొత్తం తీర్చినవాళ్ళున్నారు. చట్టం ఇచ్చేదానికన్నా ఎక్కువ దొరికే చోటు ఇదొక్కటే.

అమ్మాయి: ఇది నేను ఒప్పుకుంటాను. ఆస్తి విషయంలో చట్టం చేసిన అన్యాయాన్ని నీ గది కొంత పూడుస్తుంది. కానీ దెబ్బలు తిన్న ఆడదాని సంగతి? కొట్టినవాడి ఎదురుగా కూర్చోబెట్టి, నీ అభిప్రాయం చెప్పమ్మా అంటే ఏం చెబుతుంది? అతను కనుబొమ్మ ఎత్తితే చాలు, ఆమె మాట మారుతుంది. నువ్వది చూడలేవు, ఆమెకే తెలుస్తుంది.

పిన్ని: అలాంటి చోట ఎదురుగా కూర్చోబెట్టకూడదు. మొదటి రోజు ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడేది అందుకే. భయం కనిపిస్తే నేనక్కడితో ఆపేస్తాను. 2005 గృహహింస చట్టం కింద వచ్చే రక్షణ ఉత్తర్వు బేరానికి పెట్టే సరుకు కాదు. ముందు అది రావాలి. ఆ తర్వాత కూడా ఆమె అడిగితేనే మాటలు, వేర్వేరు గదుల్లో. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు లేచిపోవచ్చు. లేచిపోయినందుకు కోర్టులో ఆమెకు నష్టం రాదు. రాజీ కుదిరితే ఒప్పందం, కుదరకపోతే కుదరలేదన్న ఒక్క ముక్క, ఇవే జడ్జికి పంపాలి, లోపల ఎవరేమన్నారో రాయకూడదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడన్న మాట రేపు సాక్ష్యం కాదు.

అమ్మాయి: మరి అత్తింటి క్రూరత్వం మీద పెట్టే 498ఏ కేసు? ప్రతి రాజీలోనూ అదే చివరి పేచీ. కేసు తీసుకో, డబ్బిస్తాను అంటాడు. ఆమె తీసుకుంటే, చూశారా, డబ్బుకోసమే పెట్టింది అంటారు. తీసుకోకపోతే, కాపురం కూల్చింది అంటారు. నేరాన్ని డబ్బుతో కొలిచే గదిలోకి నా క్లయింటును ఎలా పంపను?

పిన్ని: నేరం నిజమై, శిక్ష పడాలని ఆమె కోరుకుంటే, ఆ కేసు నడవాలి. సుప్రీంకోర్టు కూడా 2013 తీర్పులో రాజీకి వీలున్నచోటే 498ఏ కేసుల్ని పంపమంది, ఆ సెక్షన్ పదును తగ్గకూడదని హెచ్చరించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో 498ఏని కోర్టు అనుమతితో రాజీపడదగినదిగా సవరించినప్పుడు మన శాసనసభ ఒక మంచి షరతు పెట్టింది. అర్జీ పెట్టుకున్నాక కనీసం మూడు నెలలు గడవాలి, ఈలోగా ఎవరూ వెనక్కి తగ్గకూడదు. ఇప్పుడు ఐపీసీ పోయి, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. సెక్షన్ నంబరు మారినా ఆ షరతులోని తెలివి మారలేదు. ఆలోచించుకునే వ్యవధి లేకుండా ఆడదాని చేత ఏ సంతకమూ పెట్టించకూడదు.

అమ్మాయి: పెట్టించాక మాట తప్పితే? కేసు తీసేయించుకొని డబ్బు ఎగ్గొట్టినవాళ్ళున్నారు.

పిన్ని: సగం డబ్బు తీసుకొని రెండోసారి కోర్టుకు రాని ఆడవాళ్ళూ ఉన్నారు. డిక్రీ వచ్చేదాకా సమ్మతి నిలిచి ఉండాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి మధ్యలో ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. దానికి మందు ఒప్పందం రాయడంలోనే ఉంది. జాయింట్ పిటిషన్ వేసిన రోజు ఒక వంతు, క్రిమినల్ కేసు తీసిన రోజు ఒక వంతు, డిక్రీ రోజు జడ్జి ఎదుట డిమాండ్ డ్రాఫ్టు చేతికి. ప్రతి అడుగుకీ ఎదురు అడుగు. ఎప్పుడో ఇస్తాను అన్న మాట ఒప్పందంలో ఎక్కడా ఉండకూడదు. పిల్లల పోషణ మాత్రం వేరే లెక్క. నాకేమీ వద్దు అని తల్లి తన వాటా వదులుకోవచ్చు, బిడ్డ హక్కు వదులుకోలేదు. అది ఏ కాగితంలో రాసినా చెల్లదు.

అమ్మాయి: అమెరికాలో ఉన్నవాళ్ళ సంగతేమిటి? అక్కడి నుంచి ఒక మెయిల్‌లో విడాకుల డిక్రీ వస్తుంది, ఇక్కడ పిల్ల నెత్తిన పిడుగు పడుతుంది.

పిన్ని: 1975లో తిరుపతిలో పెళ్ళయిన ఒక జంట విషయంలో భర్త మిస్సోరిలో తెచ్చుకున్న డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆమె ఇష్టపడి ఆ కోర్టును ఒప్పుకుంటే తప్ప చెల్లదు. కాబట్టి అక్కడ గెలిచి ఇక్కడ ఓడే బదులు, ఇద్దరూ ముందే మాట్లాడుకొని ఒకే ఒప్పందం మీద నిలబడితే రెండు దేశాల్లోనూ తలెత్తుకొని తిరగొచ్చు.

అమ్మాయి: పిన్నీ, నేను మొదట అన్న మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ఆడపిల్లకు మొదటి మెట్టు కోర్టే. పిటిషన్ పడాలి, మనోవర్తి రావాలి, అఫిడవిట్లు రావాలి. ఆ తర్వాత నీ దగ్గరికి పంపిస్తాను. వాళ్ళు కలిసి మాట్లాడుకోగలిగితే నాకన్నా సంతోషించేవాళ్ళు ఉండరు.

పిన్ని: నేనైతే ఇద్దరూ సమవుజ్జీలైన చోట కేసు పడకముందే రమ్మంటాను. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఒకరికొకరు భయపడరు, అలాంటివాళ్ళు కోర్టులో ఒకరినొకరు చీల్చుకోవడం దేనికి? సమవుజ్జీలు కాని చోట నీ మాటే నా మాట. ముందు రక్షణ, ముందు మనోవర్తి, ఆ తర్వాతే మాటలు.

ఇద్దరి తేడా అక్కడ మిగిలింది, మిగలడమే మంచిది. ఒప్పుకున్నంతలోనే ఇంటింటికీ పనికొచ్చే సంగతులున్నాయి. ఏ రాజీ అయినా కోర్టు డిక్రీగా మారేదాకా విడాకులు కావు. ఆదాయం లెక్కలు బల్లమీదికి రాకుండా డబ్బు మాట ఎత్తకూడదు. పూట గడవని మనిషి చేత సంతకం పెట్టించడం రాజీ అనిపించుకోదు.

కూతురి కాపురం చెడిందని తెలిసిన తల్లిదండ్రులకు ఒక విన్నపం. పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ ఏళ్ళు పోగొట్టకండి. స్టాంపు కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. ముందు అక్కడికి తీసుకెళ్ళండి.